బాబాయి బొమ్మలు నాలుగు వందలు, ఖాళీ చేయాల్సిన ఇల్లు

ప్రశ్న: నమస్కారమండి. మా బాబాయి పోయి వచ్చే మాఘానికి ఏడాది అవుతుంది. కోనసీమలో ముమ్మిడివరం దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన కుంచె పట్టని రోజు చూడలేదు. ఎక్కువగా నీటిరంగులే. గోదావరి, లంకలు, రేవులు, కొబ్బరి తోటలు, ఇంట్లో మనుషులు. ఎగ్జిబిషన్ ఒక్కటీ పెట్టలేదు, అడిగిన వాళ్లకి ఊరికే ఇచ్చేసేవారు. రెండు ట్రంకు పెట్టెల్లో, మంచం కింద, అటక మీద కలిపి ఓ నాలుగు వందల బొమ్మలు మిగిలాయి. తాతగారి ఇల్లు అమ్మేశాం, ఇంకో నెలన్నరలో ఖాళీ చేసి ఇవ్వాలి. అన్నయ్య అన్నీ ఫోన్‌లో స్కాన్ చేసి పారేద్దాం, ఎవరింట్లో చోటుంది అంటాడు. నాన్న, బాబాయి పోయాక ఆ తరంలో అత్తయ్య ఒక్కతే మిగిలింది, మంచివి ఫ్రేములు కట్టించి చుట్టాలకి తలా ఒకటి పంచమంటుంది. డల్లాస్‌లో ఉన్న బావ బాబాయి పేరు మీద ఏటా అవార్డు పెడదాం, డబ్బు నేను పంపిస్తా అంటున్నాడు. నేను బెంగళూరులో రెండు గదుల ఫ్లాట్‌లో ఉంటాను. బల్ల మీద ఒక బొమ్మ సగంలో ఆగిపోయి ఉంది, అన్నయ్య కొడుకు, పదకొండేళ్లవాడు, బాగా గీస్తాడు, అది తాను పూర్తి చేస్తానంటున్నాడు. కర్మ రోజున కూడా చుట్టాలు ‘బొమ్మలేసుకుంటూ బతుకంతా గడిపేశాడు పాపం’ అన్నారు, ఆ మాట ఇంకా మింగుడు పడటం లేదు. చివరిసారి వెళ్లినప్పుడు ఆయన నన్ను కూర్చోబెట్టి గీస్తుంటే నేను విసుగ్గా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. ఆయన్ని ఎలా గుర్తుపెట్టుకోవాలో చెప్పండి. – ఒక అన్నకూతురు

జవాబు:

మీ ఉత్తరంలో ప్రశ్నలు చాలా ఉన్నాయి కానీ గడువున్నది ఒక్కదానికే, ఇంటికి. అందుకని ముందు ఆ గది సంగతి చూద్దాం. చుట్టాల మాటలు ఇంకో నెలన్నర ఆగినా ఏం కాదు, కాగితాలు ఆగవు.

అందరూ తలా ఒక మాట అంటున్నారు కదా, అసలు ఆ బొమ్మలు ఎవరివో ముందు తేల్చుకోండి. బాబాయికి భార్యాపిల్లలు లేరు, తాతగారూ నానమ్మా లేరని, మీ నాన్నగారు బాబాయి కంటే ముందే పోయారని అనుకుంటున్నాను, వీలునామా కూడా రాసి ఉండరు. అలాంటప్పుడు హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంత ఆస్తి బతికున్న తోబుట్టువులకి వెళ్తుంది, చనిపోయిన అన్నదమ్ముల పిల్లల వంతు ఆ తర్వాతే వస్తుంది. అంటే ఆ నాలుగు వందల కాగితాలూ మీవీ కావు, అన్నయ్యవీ కావు, అత్తయ్యవి. ఊళ్లో తెలిసిన వకీలుని ఒకసారి అడిగి రూఢి చేసుకోండి. ఇది అన్నయ్య మీద గెలవడానికి చెప్పడం లేదు. పారేయాలా, పంచాలా, దాచాలా అన్నది ఆవిడ నిర్ణయమని తెలిస్తే మీ ఇద్దరి మధ్య వాదన చాలావరకు చల్లబడుతుంది, అందుకు చెప్తున్నాను. ఆవిడ పెద్దావిడ, తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి, ఇప్పటిదాకా ఆవిడ దగ్గర కూర్చుని ‘నువ్వేమంటావు అత్తయ్యా’ అని ఎవరైనా అడిగారో లేదో.

రెండో మాట. పంచడం, ఫ్రేములు, అవార్డు, ఏదైనా సరే, ప్రతి బొమ్మకీ ఒక నంబరూ ఒక ఫొటో పడేదాకా ఒక్క కాగితం కూడా ఆ గది దాటకూడదు. నా మాటల్లో ఏదీ పట్టించుకోకపోయినా ఇదొక్కటి పట్టించుకోండి. ఒకసారి నాలుగు ఊళ్లకి, నాలుగు బీరువాల్లోకి వెళ్లిపోయాక ‘బాబాయి ఏం గీశారు’ అన్న ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబుండదు, ఎవరి దగ్గరున్న నాలుగు వాళ్లకి తెలుస్తాయి, అంతే. మీరు ఆఫీసుకి ఒక వారం సెలవు పెట్టుకోండి. ఇద్దరు మనుషులు ఓపిగ్గా కూర్చుంటే నాలుగు వందలు వారంలో అయ్యే పనే.

పెట్టె మూత తీయగానే బయటికి లాగేయకండి. ముందు పెట్టెని పెట్టెలాగే ఫొటో తీయండి. ఏ కాగితం కింద ఏది ఉందో, ఏ కట్ట ఏ గుడ్డలో చుట్టారో, అది కూడా ఆయన చేసిన ఏర్పాటే, తేదీ లేని బొమ్మకి తేదీ చాలాసార్లు పక్క బొమ్మను బట్టే దొరుకుతుంది. తర్వాత ఒక్కొక్కటే, రెండు చేతులతో, కింద అట్ట పెట్టి తీయండి. చేతులు కడుక్కుని బాగా ఆరాక ముట్టుకోండి, కొబ్బరినూనె రాసుకున్న చేత్తో అసలు వద్దు. బొమ్మ వెనక కింది మూలన మెత్తటి పెన్సిల్‌తో, 2బి అయితే మంచిది, నొక్కకుండా నంబరు వేయండి. పెన్ను, స్కెచ్ పెన్ను, స్టిక్కరు, స్టేప్లరు పిన్ను, ఏవీ వద్దు. ఫొటో వసారాలో తీయండి, పొద్దున పూట, ఎండ నేరుగా పడనిచోట, ఫ్లాష్ లేకుండా. ఫోన్ కాగితానికి సరిగ్గా సమాంతరంగా ఉండాలి, పక్కన ఒక స్కేలు, ఒక తెల్ల కాగితం ముక్క పెడితే కొలత, రంగు రెండూ తర్వాత సరిచూసుకోవచ్చు. ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి. వెనక ఏమీ లేదనిపించినా తీయండి.

ఎందుకంటే నీటిరంగులేసే మనిషి కాగితంలో బొమ్మ ఒక్కటే ఉండదు. మీ బాబాయి కాగితం ఒకటి తీసి వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడండి. నాలుగు మూలలా పిన్నుల చిల్లులుంటాయి, లేదంటే చుట్టూ గమ్ టేపు అంటించి తీసిన గోధుమరంగు పట్టీ ఉంటుంది, తడి కాగితం ముడుచుకోకుండా బోర్డుకి బిగించిన గుర్తు అది. అంచున, బొమ్మకి బయట, చిన్నచిన్న రంగు గీతలుంటాయి, ఒకదాని పక్కన ఒకటి. ఆకాశానికో నీటికో రంగు కలిపాక కుంచెని అక్కడ ఒకసారి ఆనించి చూసుకుంటారు, ఎక్కువైతే నీళ్లు కలుపుతారు. ఆయన ఏ రంగుతో మొదలుపెట్టి ఏ రంగు దగ్గర ఆగారో ఆ అంచు చెబుతుంది. ఇంక వెనక్కి తిప్పితే ఏముంటుందో చెప్పలేం, ఊరి పేరు, తేదీ, పరీక్ష డ్యూటీల లిస్టు, కిరాణా సామాను, అదే రేవు పెన్సిల్‌తో ఇంకో వైపు నుంచి. ఫ్రేము కట్టే షాపువాళ్లు ‘నీట్‌గా’ ఉంటుందని సరిగ్గా ఈ అంచునే కోసేస్తారు. మీరు ఏది ఫ్రేముకి ఇచ్చినా అంచు కత్తిరించొద్దని నోటితో చెప్పడమే కాకుండా స్లిప్పు రాసి అంటించండి.

కొన్నిటికి బూజు పట్టి ఉంటుంది, అటక మీదవి మరీను. తడి గుడ్డతో తుడవకండి, ఎండలో ఆరేయకండి. నీడలో, ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా ఆరనిచ్చి, పొడి మెత్తటి కుంచెతో ఆరుబయట దులపండి, ముక్కుకి మాస్క్ కట్టుకోండి, అవి మిగతావాటితో కలపకుండా విడిగా పెట్టండి. రెండు కాగితాలు అతుక్కుని ఉంటే విడదీయొద్దు, పాత సెల్లో టేపు పీకొద్దు. అలాంటివి పది ఉంటాయేమో, వాటిని కాగితాల సంరక్షణ తెలిసిన వాళ్లకి చూపించండి. పాత కట్టడాలు, కళాఖండాలు కాపాడే ఇన్‌టాక్ సంస్థకి ఇలాంటి పని చేసే కేంద్రాలున్నాయి, హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ సంరక్షణ విభాగం ఉంది, అక్కడ అడిగితే దారి చెబుతారు. లామినేషన్ మాత్రం దేనికీ చేయించకండి. ప్రేమ కొద్దీ చేయిస్తారు, ఆ వేడికీ జిగురుకీ కాగితం ఇంక ఎప్పటికీ వెనక్కి రాదు.

ఇప్పుడు అన్నయ్య మాట. ఆయన్ని చెడ్డవాణ్ణి చేయకండి, చోటు సమస్య నిజమే. కానీ నాలుగు వందల కాగితాలు ఎంత చోటు తింటాయో మీరిద్దరూ ఒకసారి కళ్లతో చూడండి. ట్రంకు పెట్టెలు, పాత అట్టలు, పేపర్ కట్టలు తీసేసి, మధ్యలో యాసిడ్ లేని పల్చటి కాగితం పెట్టి, ఒకదాని మీద ఒకటి చదునుగా పేరిస్తే బీరువాలో ఒక అరో రెండు అరలో పడతాయి. చుట్టలు చుట్టకండి, మధ్యలో న్యూస్ పేపర్ పెట్టకండి, అది తాను పసుపెక్కుతూ పక్కదాన్నీ పసుపెక్కిస్తుంది. కింది అర వద్దు, వానాకాలం చెమ్మ పట్టే బయటి గోడ వైపు వద్దు, నాఫ్తలీన్ ఉండలు కాగితం మీద నేరుగా వేయొద్దు. మూణ్ణెల్లకోసారి తెరిచి చూసుకుంటే చాలు. ఇంత చిన్న పనికి పారేయడం దాకా ఎందుకు?

స్కాన్ ఉంది కదా అంటారు. ఉండాలి, రెండు చోట్ల ఉండాలి, ఒకటి మీ దగ్గర, ఒకటి అన్నయ్య దగ్గర. కానీ ఫోన్‌లో తీసిన ఫొటోలో కాగితం గరుకు రాదు, రంగు పొరల కింద పెన్సిల్ గీత రాదు, చెరిపి మళ్లీ గీసిన చోటు రాదు. మీ బాబాయి విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. ఆయన గీసింది కోనసీమని, అదీ దశాబ్దాల పాటు, ఒకే చోట ఉండి. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన లేని రోజుల్లో పంటు మీద, అంటే బల్లకట్టు లాంటి పడవ మీద, దాటేవాళ్లు, ఆ రేవు గీశారా చూడండి. 1986 ఆగస్టు వరద ముందు లంక ఒడ్డు ఎలా ఉండేదో, తర్వాత ఎలా కోసుకుపోయిందో ఉందేమో చూడండి. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో కొబ్బరి చెట్లు ఎలా నేలకొరిగాయో అత్తయ్య చెప్పగలదు, దానికి ముందు తోటలు, తర్వాత తోటలు, రెండూ ఒకే మనిషి చేత్తో గీసినవి మీ పెట్టెలో ఉండే అవకాశం ఉంది. అప్పట్లో అందరి చేతుల్లో కెమెరాలు లేవు, ఉన్నవాళ్లు పెళ్లిళ్లు తీశారు కానీ రేవులు తీయలేదు. ఇది మీ ఇంటి జ్ఞాపకం మాత్రమే కాదండీ, ఆ ఊళ్లకి కూడా జ్ఞాపకమే. అన్నయ్యకి ఇలా చెప్పి చూడండి, బాబాయి మీద ప్రేమతో కాకపోయినా ఊరి మీద ప్రేమతో ఒప్పుకోవచ్చు.

వీలైతే ఈ పని మధ్యలో ఒకరోజు రాజమండ్రి వెళ్లి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూసి రండి, అన్నయ్యని కూడా తీసుకెళ్లండి. రామారావు 1897లో రాజమండ్రిలోనే పుట్టారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన చేతిలో పనితనం చూసి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించారు. తిరిగొచ్చి ఊళ్లోనే చిత్రకళ నేర్పుతూ, ‘సిద్ధార్థ రాగోదయం’ లాంటివి వేస్తూ, 1925లో మశూచి సోకి పోయారు, అప్పటికి 28 ఏళ్లు కూడా నిండలేదు. వందేళ్లు దాటింది. ఈరోజుకీ మనం వెళ్లి ఆయన చిత్రాల ముందు, పెన్సిల్ స్కెచ్‌ల ముందు నిలబడగలుగుతున్నాం అంటే ఆయన గొప్పతనం ఒక్కటే కారణం కాదు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, స్నేహితుడు వరదా వెంకటరత్నం, వీళ్లంతా స్వయంగా చిత్రకారులు, ఆయన పోయాక ఆ కాగితాల్ని చెదరనివ్వలేదు, ఆయన పేరుతో గ్యాలరీ నిలబెట్టారు, ఆయన మొదలుపెట్టిన పాఠాలు ఆపలేదు. మీ బాబాయి దామెర్ల అని నేననడం లేదు, ఆ పోలిక మీరూ ఎక్కడా తేకండి, ఆయనకి మంచిది కాదు. చిత్రకారుడు పోయిన తర్వాత ఇంట్లోవాళ్లు మొదటి ఏడాది ఏం చేస్తారన్న దాని మీదే చాలా ఆధారపడి ఉంటుందని మాత్రం అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

అత్తయ్య కోరిక మంచిదే, కానీ ఇప్పుడే కాదు. నంబర్లు పడ్డాక మొత్తం ఫొటోలు ఒకసారి వరసగా చూసుకుని, ఓ నలభై మేలైనవి పక్కకి తీయండి. ఆయన వేసినవన్నీ గొప్పవని అనుకోకండి. అలా అనుకుంటే ఆయన్ని చూడనట్టే. రోజూ సాధన చేసే మనిషి కాగితాల్లో కుదరనివి ఎక్కువే ఉంటాయి, అవి కుదరలేదని ఆయనకే అందరికంటే ముందు తెలుసు. ఈ ఎంపికకి బయటి మనిషిని పిలవండి, ఆయనతో పనిచేసిన ఇంకో డ్రాయింగ్ మాస్టారినో, ఇప్పుడు బొమ్మలేస్తున్న ఆయన శిష్యుణ్ణో. ఇంట్లోవాళ్లం మన మొహాలున్నవే ఏరుకుంటాం. ఆ నలభై విడదీయకుండా ఒకేచోట ఉంచండి, మిగతావాటిలోంచి చుట్టాలకి తలా ఒకటి, వాళ్లనే చూసి ఎంచుకోమనండి. ఇచ్చేటప్పుడు ఏ నంబరు ఎవరికిచ్చారో పుస్తకంలో రాసుకోండి. ఫ్రేములో బొమ్మకీ అద్దానికీ మధ్య మౌంట్ బోర్డు, అంటే బొమ్మ చుట్టూ వచ్చే మందపాటి అట్ట, ఉండాలి, అద్దం రంగుని తాకకూడదు, కిటికీ ఎదురుగా తగిలించకూడదు. నీటిరంగులు వెలుతురుకి వెలిసిపోతాయి, గులాబీ, ఊదా రంగుల్లో చాలా రకాలు ముందు పోతాయి. దేవుడి గదిలో పెడతామంటే దీపం పొగ సంగతి చెప్పండి.

బొమ్మ ఇచ్చినంత మాత్రాన దాన్ని అచ్చు వేసుకునే హక్కు ఇచ్చినట్టు కాదు, ఇది చాలామందికి తెలియదు. కాపీరైట్ ఆయన పోయిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు వారసులకి ఉంటుంది, రాతపూర్వకంగా రాసిస్తే తప్ప ఇంకొకరికి పోదు. డబ్బు తీసుకుని ఎవరికైనా వేసిచ్చిన బొమ్మలకి లెక్క వేరు, వాటి కాపీరైట్ మామూలుగా వేయించుకున్నవాళ్లదే. రేపెవరైనా క్యాలెండర్ మీదో పుస్తకం అట్ట మీదో వాడుకుంటామంటే ఇవ్వండి, సంతోషంగా ఇవ్వండి, కానీ కాగితం మీద రాసుకుని, ఆయన పేరు కింద వేయించి ఇవ్వండి.

బావ అవార్డు మాట గురించి నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. వద్దు. మంచి మనసుతోనే అంటున్నారు, సందేహం లేదు. కానీ ఏటా సభ, శాలువా, మెమెంటో, ముఖ్య అతిథి అన్నీ అయ్యాక ఆ రోజు వచ్చినవాళ్లలో ఎంతమంది మీ బాబాయి బొమ్మ ఒక్కటైనా చూసి వెళ్తారు? పేరు మిగులుతుంది, మనిషి మిగలడు. పైగా మొదట పట్టుకున్నవాళ్ల ఓపిక తగ్గిన ఏడాది అది ఆగిపోతుంది, ఆగినప్పుడు ఇంకో బాధ. ఆ డబ్బే రెండు పనులకి అడగండి. ఒకటి, ఓ పాతిక బొమ్మలకి సరైన ఫ్రేములు కట్టించి ఆయన పనిచేసిన స్కూల్లోనే మూడు రోజులు ప్రదర్శన. మాఘమాసంలో సంవత్సరీకం ఎలాగూ వస్తోంది, అందరూ ఊరొస్తారు, వానలుండవు, కాగితానికీ మంచి కాలం. ఆయన దగ్గర డ్రాయింగ్ నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు నలభైల్లో యాభైల్లో ఉంటారు, పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట వేయించండి, మాస్టారు మీకిచ్చిన బొమ్మ ఉంటే ఆ మూడు రోజులకి తెచ్చి పెట్టండి అని. అడిగినవాళ్లకల్లా ఇచ్చేశారన్నారు కదా, మీ పెట్టెల్లో లేని మంచి బొమ్మలు ఎవరి గోడల మీద ఉన్నాయో అప్పుడు తెలుస్తుంది. వాటినీ ఫొటో తీసి లిస్టులో చేర్చండి. ఫ్లెక్సీ వేయిస్తే ‘మహా చిత్రకారుడు’ లాంటి బిరుదులు వద్దు. ఆయన పేరు, డ్రాయింగ్ మాస్టారు, పనిచేసిన ఏళ్లు, చాలు.

రెండోది పుస్తకం. ఆ నలభై బొమ్మలు, ఒక్కోదానికీ ఏ ఊరు, ఏ ఏడు, అత్తయ్య చెప్పిన రెండు ముక్కలు. డిజిటల్ ప్రింటింగ్‌లో వంద కాపీలైనా వేస్తారు ఇప్పుడు. స్కూల్ లైబ్రరీకి, జిల్లా గ్రంథాలయానికి ఇవ్వండి. ప్రచురించిన పుస్తకాన్ని కలకత్తా నేషనల్ లైబ్రరీకీ, చెన్నై కన్నెమరా లాంటి మరో మూడు లైబ్రరీలకీ పంపాలని 1954 నాటి చట్టమే ఉంది, పంపండి. మీరూ నేనూ లేని రోజున ఎవరో కోనసీమ గురించి వెతుకుతూ అది తీస్తారు.

ఏదైనా గ్యాలరీకో మ్యూజియానికో కొన్ని ఇవ్వాలనిపిస్తే పెట్టెలు మోసుకుని వెళ్లకండి. లిస్టు, పది మంచి ఫొటోలు తీసుకుని వెళ్లి మాట్లాడండి. తీసుకుంటామంటే ఎక్కడ పెడతారు, గోడ మీదా గోడౌన్‌లోనా, ఎవరు బాధ్యులు, అన్నీ అడిగి రాతమూలకంగా రసీదు తీసుకున్నాకే ఇవ్వండి.

ఇక ఆ చుట్టాల మాట. ‘బతుకంతా గడిపేశాడు’ అన్నవాళ్లతో వాదించకండి, ఏదో పెద్దమనిషి తరహాలో అనేసి వెళ్లిపోయే మాట అది, వాళ్లకే గుర్తుండదు. మీకు మాత్రం నేను జవాబు చెప్పాలి. స్థలాలు కొనలేదు, పెళ్లి చేసుకోలేదు, ఎగ్జిబిషన్ పెట్టలేదు, వాళ్లు లెక్కేసినవన్నీ ఇవే కదా. ఆయన జీతానికి పనిచేశారు, వందల మంది పిల్లలకి పెన్సిల్ పట్టడం నేర్పారు, ఎవరి దగ్గరా చేయి చాచలేదు, మిగిలిన టైమంతా తనకి అన్నిటికంటే ఇష్టమైన పని చేశారు, అదీ ఎవరూ మెచ్చుకోకపోయినా ఆపకుండా చేశారు. మనలో ఎంతమందికి అలాంటి పని ఒకటి దొరికింది? పాపం అనాల్సింది ఆయన్ని చూసి కాదు. ఆయనకి ఏ కష్టమూ లేదని చెప్పను, ఒంటరితనం ఉండే ఉంటుంది, పేరు రాలేదన్న బాధ ఒక్కోసారి ఉండే ఉంటుంది, అది కూడా దాచకుండా గుర్తుపెట్టుకోండి. పోయినవాళ్లని దేవుళ్లని చేసేస్తే వాళ్లు మనకి ఇంకా దూరమైపోతారు.

ఫోన్ చూసుకుంటూ కూర్చున్నానన్నారు. అమ్మా, మనిషిని ఎదురుగా పెట్టుకుని గీసేవాళ్లకి మీరు కబుర్లు చెప్పక్కర్లేదు. కదలకుండా ఒకచోట కూర్చుంటే చాలు, తల వంచుకుని ఫోన్ చూసే మనిషంత కుదురుగా ఈ రోజుల్లో ఇంకెవరూ కూర్చోరు. ఆయన ఆ పూట మిమ్మల్ని మీరు చూసుకునే దానికంటే ఎక్కువసేపు చూశారు, నుదురు ఎంత, మెడ ఎటు వంగింది, వేళ్లు ఎలా ఉన్నాయి అన్నీ. ఆ బొమ్మ ఆ గదిలోనే ఎక్కడో ఉంటుంది. వెతకండి. అందులో ఫోన్ కూడా గీసే ఉంటారు. అది మాత్రం చుట్టాలకి పంచే కుప్పలో వేయకండి, అత్తయ్యని అడిగి మీరు తెచ్చుకోండి.

అడగలేకపోయినవి ఇంకా అడగొచ్చు, ఆయన్ని కాదు, అత్తయ్యని. ‘బాబాయి గురించి చెప్పు’ అంటే ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని మంచివాడమ్మా అంటుంది, అక్కడితో ఆగిపోతుంది. దానికి బదులు బొమ్మ చేతిలో పెట్టి ఇదెక్కడ, ఈ పడవెవరిది, ఈ చీర కట్టుకున్నదెవరు, అప్పుడు నువ్వెక్కడున్నావు అని అడగండి, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టండి. రోజుకి గంట, అంతకంటే ఎక్కువ వద్దు, పెద్దావిడ అలిసిపోతుంది. పరీక్ష డ్యూటీకి ఏ ఊరెళ్లారు, ఆ ఏడాది ఎవరితో మాటలు లేవు, ఎవరి పెళ్లి తప్పిపోయింది, ఇలాంటివన్నీ బొమ్మల మీదుగా వస్తాయి. కొన్ని మీకు తెలియనివి ఉండొచ్చు. అవి పుస్తకంలోకి రావాలో వద్దో ఆవిడే చెప్పాలి.

ఆ సగం బొమ్మ పూర్తి చేయనివ్వకండి. పిల్లవాడి మనసు నొప్పించకుండా చెప్పండి, వాడు బాగా గీయడని కాదు, అది బాబాయి తాత ఎక్కడ ఆగారో చూపించే కాగితం కనుక. అలాంటిది ఇంకోటి లేదు. బోర్డు మీద ఎలా బిగించి ఉందో ముందు అలాగే ఫొటో తీయండి, పక్కన రంగుల పళ్లెం, నీళ్ల గ్లాసు, కుంచెలు ఏ వరసలో ఉన్నాయో అది కూడా. ఆ తర్వాతే టేపు వదిలించండి. దానికి అన్నిటికంటే ఆఖరి నంబరు వేయండి.

కానీ రంగులు, కుంచెలు, వాడని కాగితాలు మాత్రం వాడికే ఇవ్వండి, మొత్తం. గాజు బీరువాలో పెట్టి దండ వేయడానికి అవి కావు. నీటిరంగు బిళ్లలు ఎన్నేళ్లు ఎండినా నాలుగు చుక్కల నీళ్లు పోసి కాసేపు వదిలేస్తే మళ్లీ పనికొస్తాయి, ట్యూబులు గట్టిపడితే బ్లేడుతో చీల్చి లోపలిది తీసి బిళ్లల్లాగే వాడుకోవచ్చు, పాడైన వాసన వస్తే పారేయండి. పాత కాగితం కొంచెం ఎక్కువ పీల్చుకోవచ్చు, వెనకవైపు ఒకసారి రాసి చూసుకోమనండి. మంచి కుంచెల్ని సబ్బుతో కడిగి మొన సరిచేసి ఆరబెట్టడం ఎవరైనా దగ్గరుండి నేర్పాలి, ఆ శిష్యుల్లో ఒకరిని అడగండి, కాదనరు. వాడేం గీయాలో మాత్రం ఎవరూ చెప్పొద్దు, గోదావరే గీయమని అసలు చెప్పొద్దు. క్రికెట్ గీస్తాడో, కార్లు గీస్తాడో, వాడిష్టం.